గుడ్లు పగలని కారు: సిట్రోయెన్ 2సి.వి.

రెండవ ప్రపంచ యుద్ధం ముగిసిన తొలి సంవత్సరాల్లో ఫ్రాన్సులో ఏ కారు ఎన్ని తయారుకావాలన్నది కంపెనీల కోరికకంటే ఎక్కువగా ఉక్కు కొరతమీద, సర్కారు కోటాలమీద ఆధారపడి ఉండేది. పోన్స్ ప్రణాళిక పేరుతో ఏ కంపెనీ ఏ తరగతి వాహనం చేయాలో ప్రభుత్వమే నిర్దేశించగా, 1945లో జాతీయమైన రెనో సంస్థ 4సి.వి. అనే చిన్న కారును 1946 పారిస్ ప్రదర్శనలో ఉంచి మరుసటి ఏడాది అమ్మకానికి తెచ్చింది. రంగుకు సైతం కరవైన ఆ రోజుల్లో, ఆఫ్రికా ఎడారిలో పోరాడిన జర్మన్ సేనల వాహనాలకై ఉంచిన ఇసుకరంగు మిగిలిపోతే దాన్నే ఈ కార్లకు పూశారు, జనం వాటిని చూసి 'వెన్నముద్ద' అన్నారు.

సిట్రోయెన్ 2సి.వి. పుట్టుక దీనికంటే విచిత్రమైనది. సి.వి. అంటే గుర్రపు శక్తే అయినా, ఇక్కడ అది ఇంజను అసలు బలం కాదు, వాహన పన్ను కట్టడానికి ఫ్రాన్సులో వాడిన లెక్క. కంపెనీ అధిపతి పియేర్ బూలాంజే 1930లలోనే ఇంజనీర్లకు పెట్టిన షరతు ఇది: ఇద్దరు రైతులనూ 50 కిలోల బంగాళాదుంపలనూ మోస్తూ, గంటకు 60 కిలోమీటర్ల వేగం అందుకుంటూ, 100 కిలోమీటర్లకు 3 లీటర్ల పెట్రోలుతో సరిపెట్టుకోవాలి, పైగా దుక్కి దున్నిన చేనుకు అడ్డంగా పోయినా బుట్టలోని గుడ్లు పగలకూడదు. బంగారుపాళ్యం మామిడి మండీకి తోతాపురి కాయలు తోలే రైతుకు ఈ షరతులోని మర్మం వేరే చెప్పనక్కరలేదు, గుంతల దారిలో దెబ్బతిన్న కాయకు ధర పలకదు.

దీనికి కనిపెట్టిన ఉపాయంలో ఒక్కో పక్క ముందు చక్రాన్నీ వెనుక చక్రాన్నీ ఒకే గొట్టంలోని స్ప్రింగులతో ముడిపెట్టారు కనుక, ముందు చక్రం మిట్ట ఎక్కితే ఆ కదలిక వెనుకకూ అంది, బండి ముందుకూ వెనక్కూ ఊగడం తగ్గేది. గాలితోనే చల్లబడే 375 సి.సి. ఇంజనుకు రేడియేటరే లేదు, పైకప్పు చుట్టి మడిచే గుడ్డ. పెట్రోలు ఎంత మిగిలిందో చూడాలంటే ట్యాంకులో పుల్ల ముంచాలి, వైపరు స్పీడోమీటరు తీగతోనే తిరిగేది గనుక బండి ఆగితే అదీ ఆగేది.

1939లో విడుదల కావలసిన కారు యుద్ధంవల్ల నిలిచిపోయి 1948 అక్టోబరులో ప్రదర్శనకు వచ్చింది. పత్రికలవారు వెక్కిరించారు, కొనేవారు మాత్రం బారులు తీరారు. 1949లో లెవల్వా కర్మాగారం నుంచి 876 కార్లే వెలువడగా, పల్లె వైద్యులకు, మతగురువులకు, చిన్న రైతులకు ముందుగా కేటాయించి, మిగిలినవారిని ఏళ్ల తరబడి వేచి ఉండమన్నారు. పాత బండి కొత్తదానికన్నా ఎక్కువ ధర పలికింది; బజాజ్ స్కూటరుకు పేరు నమోదు చేసుకుని ఎదురుచూసిన మన తరానికి ఈ వింత కొత్తేమీ కాదు. తిరుపతి జిల్లాను ఆనుకున్న తిరువళ్లూరు జిల్లాలో ఇప్పుడు సిట్రోయెన్ సి3 తయారవుతోందిగానీ దానికి ఆ బారులు లేవు.

ఫ్రాన్సులో 1988లోనూ, పోర్చుగల్‌లో 1990 జూలైలోనూ ఉత్పత్తి ఆగేసరికి 38 లక్షలకు పైగా 2సి.వి.లు రోడ్డెక్కాయి. జర్మన్ల కంటబడకుండా యుద్ధకాలంలో దాచిన నమూనాల్లో మూడు మాత్రం, కంపెనీ పరీక్షలు జరిపే లా ఫెర్తే-విదామ్‌లోని ఒక కొట్టం అటకమీద 1994లో దొరికాయి.