సర్కారు గుమ్మంలోంచి దొంగదారి

2012 అక్టోబరు. అమెరికాలో వేలాది మందికి ఒక పొట్టి లింకు వచ్చింది. ‘1.యూఎస్ఏ.గవ్’ అని మొదలవుతుంది. సర్కారు వారిదే కదా, ఇంకేం అనుమానం? నొక్కారు. తెరుచుకున్నది మాత్రం సీఎన్‌బీసీ వార్తల పేజీని పోలిన బూటకపు సైటు. ఇంట్లో కూర్చునే డబ్బు సంపాదించే కిటుకు చెబుతానంటుంది. కంప్యూటర్ భద్రతా సంస్థ సైమాంటెక్ ఆరా తీస్తే, వారంలోనే 40 వేలకు పైగా క్లిక్‌లు ఇలా దారి మళ్లాయని తేలింది.

విడ్డూరమేమిటంటే, ఎవరూ దేన్నీ హ్యాక్ చేయలేదు. వెర్మాంట్ రాష్ట్ర కార్మిక శాఖ సైటులో, లింకు నొక్కినవాళ్లను వేరే పేజీకి పంపే చిన్న ఏర్పాటు ఉండేది. ఏ చిరునామా ఇస్తే అక్కడికి పంపేసేది. అది ఎవరిదని అడిగేది కాదు. స్పామర్లు ఆ లింకు తోకకు తమ సైటు తగిలించి, లింకులను పొట్టిగా చేసే బిట్‌లీలో కుదించారు. డాట్ గవ్ చిరునామా ఏది ఇచ్చినా బిట్‌లీ అప్పట్లో దాన్ని 1.యూఎస్ఏ.గవ్‌గా మార్చేది. అలా సర్కారు ముద్ర రెండుసార్లు పడింది, అదీ ఉచితంగా!

దీన్ని ‘ఓపెన్ రీడైరెక్ట్’ అంటారు. అసలు ఏర్పాటు మంచికే పెట్టింది. లాగిన్ అయ్యాక మనల్ని మళ్లీ పాత పేజీకే చేర్చాలంటే, ఆ పేజీ చిరునామా ఎక్కడో రాసిపెట్టుకోవాలి. చాలా సైట్లు దాన్ని లింకు చివరే రాస్తాయి. అక్కడ ఎవరైనా ఏదైనా రాయగలరు. స్లాష్ గుర్తు బదులు ‘%2ఎఫ్’ లాంటి కోడ్‌లు పెడితే ఆ తోక ఎవరికీ అర్థం కాదు. ఫోన్‌లోనైతే అంత పొడుగు లింకు పూర్తిగా కనపడదు కూడా.

‘నొక్కేముందు అడ్రసు చూసుకోండి’ అని బ్యాంకులూ పోలీసులూ చెబుతూనే ఉంటారు. ఇక్కడ మాత్రం చూసుకుని నొక్కినవాడే మోసపోతాడు. అందుకే తప్పంతా జనం మీదకు నెట్టడం నాకు నచ్చదు. గుమ్మం తెరిచి పెట్టింది సైటు యజమాని.

ఆ యజమానులకేమో ఇది చిల్లర లోపం. వెబ్ భద్రతా సంస్థ ఒవాస్ప్ 2010, 2013 సంవత్సరాల్లో తన పది పెద్ద ముప్పుల జాబితాలో చేర్చి, 2017లో తీసేసింది. అయినా 2023లో బ్రిటన్ పర్యావరణ సంస్థకు చెందిన నదుల సమాచారం సైటు లింకులే జనాన్ని అశ్లీల డేటింగ్ సైట్లకు చేర్చాయి. మన దగ్గర బ్యాంకులన్నీ 2025 అక్టోబరు 31లోగా ‘డాట్ బ్యాంక్ డాట్ ఇన్’ చిరునామాకు మారాలని రిజర్వు బ్యాంకు గడువు పెట్టింది. మంచి నిర్ణయమే. కానీ ఆ చిరునామా వెనక ఇలాంటి ఏర్పాటు ఒక్కటి మిగిలినా, కొత్త ముద్ర కూడా దొంగకే పనికొస్తుంది.

మరమ్మతు పెద్ద పనేం కాదు. సొంత పేజీలకు, ముందే ఒప్పుకున్న సైట్లకు తప్ప ఎక్కడికీ పంపకూడదు. తప్పదంటే ‘మీరు మా సైటు వదిలి వెళ్తున్నారు’ అని ఆపి చెప్పాలి. ఈలోగా మనం అడ్రసు చూడాల్సింది లింకు నొక్కేముందు ఒక్కసారే కాదు. పాస్‌వర్డో ఓటీపీయో అడిగే పేజీ తెరుచుకున్నాక, వేలు పెట్టేముందు మరోసారి. అప్పటికే డబ్బు పోయి ఉంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.