బత్తాయి రసం: తయారీ విధానం, పోషక విలువలు, గమనించవలసిన అంశాలు

మార్టూరు (బాపట్ల జిల్లా): చెన్నై-కోల్‌కతా 16వ నంబరు జాతీయ రహదారిపై చిలకలూరిపేట, ఒంగోలు పట్టణాల నడుమ గల మార్టూరు పరిసరాలు పత్తి, మిరప పైర్లకు పేరెన్నికగన్నవి. 2022 ఏప్రిల్ 4న జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణలో ఈ మండలం ప్రకాశం జిల్లా నుండి బాపట్ల జిల్లాలో చేరింది. మిరప కోతలు ముగింపునకు వచ్చే వేళకు ఎండలు ముదరడం, రహదారి వెంబడి బత్తాయి రసానికి, దుకాణాలలో ప్యాకెట్ ఆరెంజ్ జ్యూస్‌కు గిరాకీ పెరగడం ఏటా కనిపించేదే. ఈ రెండు పానీయాలు ఎట్లు తయారవుతాయి, వాటిలోని పోషకాలు ఏమిటి, కొనుగోలుదారు దేనిని గమనించాలి అన్న విషయాలపై పాత్రికేయులు, క్షేత్రస్థాయి అధికారుల ఉపయోగార్థం ఈ వ్యాసం విడుదల చేయడమైనది.

ఒకే జాతి ఫలం

ఆరెంజ్ అనగానే తెలుగునాట పలువురికి స్ఫురించేది నాగపూర్ నుండి వచ్చే, తొక్క సులభంగా ఊడివచ్చే కమలాపండు. అయితే ప్రపంచ మార్కెట్‌లో ఆరెంజ్ జ్యూస్‌గా విక్రయించబడే రసంలో అత్యధిక భాగం కమలా నుండి గాక, తీపి నారింజ జాతి పండ్ల నుండి తీయబడుతున్నది. మన బత్తాయి ఆ జాతికి చెందినదే. రాయలసీమలో దీనిని చీనీ అని వ్యవహరిస్తారు. ఇంగ్లీషులో కొందరు దీనిని స్వీట్ లైమ్ అని పిలిచినప్పటికీ ఇది నిమ్మ కాదు. మన రాష్ట్రాలలో విస్తారంగా సాగయ్యే రకం సాత్‌గుడి. ఆంధ్రప్రదేశ్‌లో అనంతపురం, కడప ప్రాంతాలు, తెలంగాణలో నల్గొండ ప్రాంతం ఈ తోటలకు ప్రసిద్ధి. తిరుపతిలోని నిమ్మజాతి పరిశోధన స్థానం ఈ పంటపై పరిశోధనలు సాగిస్తున్నది.

బత్తాయి పైకి పచ్చగా ఉన్నంత మాత్రాన పక్వానికి రాలేదని భావించనవసరం లేదు. తొక్క నారింజ రంగుకు తిరగడానికి చల్లని రాత్రులు అవసరం. మన వాతావరణంలో అవి అరుదు గనుక పండు లోపల తీపెక్కినా పైన పచ్చదనం నిలిచి ఉంటుంది. అంతేగాక, అరటి, మామిడి వలె ఈ కాయ కోసిన తరువాత పండదు. చెట్టుమీద ఉన్నంత వరకే తీపి పెరుగుతుంది. కావున పక్వానికి రాకముందే కోసిన కాయను ఎన్నాళ్లు నిల్వ ఉంచినా రుచి మెరుగుపడదు.

కర్మాగారంలో రసం తయారీ

కర్మాగారానికి చేరిన పండ్లను ముందుగా ఏరి, దెబ్బతిన్నవాటిని తొలగించి, శుభ్రంగా కడిగి, పరిమాణాన్ని బట్టి వేరుచేస్తారు. అనంతరం యంత్రాలు రసాన్ని పిండుతాయి. తొక్కలోని నూనె, తెల్లని పొర, గింజలు రసంలో వీలైనంత తక్కువగా కలిసేటట్లు ఈ యంత్రాలు రూపొందాయి. పిండిన రసాన్ని జల్లెడల ద్వారా వడకట్టి, అందులో కరిగి ఉన్న గాలిని తొలగిస్తారు. గాలిలోని ఆక్సిజన్ విటమిన్ సి ని, సువాసనను హరిస్తుంది.

తరువాతి దశ పాశ్చరీకరణ. రసాన్ని సుమారు 90 నుండి 95 డిగ్రీల సెల్సియస్ వద్ద కొద్ది సెకన్లు ఉంచి వెంటనే చల్లబరుస్తారు. దీనివలన సూక్ష్మక్రిములు నశించడమే గాక, రసం విరిగి పైన తేటనీరు, అడుగున మడ్డిగా విడిపోవడానికి కారణమయ్యే ఎంజైము కూడా పనిచేయకుండా పోతుంది.

ఇక్కడి నుండి రెండు మార్గాలు ఉన్నాయి. మొదటిది, రసాన్ని ఉన్నదున్నట్లుగానే నిల్వచేసి ప్యాకింగ్ చేయడం. రెండవది, నీటిని ఆవిరిచేసి చిక్కని గాఢరసంగా మార్చడం. సాధారణ రసంలో కరిగిన ఘనపదార్థం సుమారు 12 శాతం కాగా గాఢరసంలో అది 66 శాతం వరకు ఉంటుంది. అనగా ఐదున్నర కిలోల రసం ఒక కిలోగా తగ్గుతుంది. దూర ప్రాంతాలకు రవాణా ఖర్చు ఆ మేరకు కలిసివస్తుంది. గమ్యస్థానంలో తిరిగి నీరు కలిపి ప్యాకెట్లలో నింపుతారు. ఈ గాఢరస విధానం 1940వ దశకంలో అమెరికాలోని ఫ్లోరిడాలో రూపుదిద్దుకున్నది. నేడు ఆరెంజ్ రసం ఎగుమతిలో బ్రెజిల్‌ది అగ్రస్థానం. ఫ్లోరిడాలో 2005లో గ్రీనింగ్ తెగులు బయటపడిన తరువాత అక్కడి తోటలు తీవ్రంగా క్షీణించాయి.

రసం తీయగా మిగిలిన తొక్క, పిప్పి కూడా వృథాకావు. తొక్క నుండి సుగంధ తైలం, పెక్టిన్ లభిస్తాయి. పిప్పిని ఎండబెట్టి పశువుల దాణాలో వాడతారు.

చేదు ఎందుకు వస్తుంది?

బత్తాయి రసం పిండిన వెంటనే తియ్యగా ఉండి, కొంతసేపు నిల్వ ఉంచితే చేదెక్కడం అందరి అనుభవంలో ఉన్నదే. పండులో చేదులేని రూపంలో ఉండే ఒక పదార్థం, పండును పిండినప్పుడు రసంలోని ఆమ్లంతో కలిసి క్రమంగా లిమోనిన్ అనే చేదు పదార్థంగా మారుతుంది. వేడి చేస్తే ఈ మార్పు మరింత వేగంగా జరుగుతుంది. గింజలు నలిగినా, తెల్లని పొర ఎక్కువగా కలిసినా చేదు అధికమవుతుంది. వాలెన్షియా వంటి రసం రకాలలో ఈ సమస్య తక్కువ.

మన రైతుకు ఇది కేవలం రుచికి సంబంధించిన విషయం కాదు. నిల్వకు, వేడికి తట్టుకునే రసం రాని కారణంగా బత్తాయి దిగుబడిలో అత్యధిక భాగం పండుగానే మార్కెట్‌కు చేరవలసివస్తున్నది. దిగుబడి ఒక్కసారిగా వచ్చి పడినప్పుడు మిగులును రసంగా మార్చి నిల్వచేసుకునే అవకాశం పరిమితం కావడంతో ధర పడిపోతే ఆ భారం రైతుపైనే పడుతుంది. చేదును తొలగించే రెసిన్ వడపోత వంటి పద్ధతులు, చేదు తక్కువగల రకాల సాగు ఇందుకు పరిష్కార మార్గాలు.

పోషక విలువలు

అమెరికా వ్యవసాయ శాఖ ఆహార పట్టికల ప్రకారం 100 గ్రాముల తాజా ఆరెంజ్ రసంలో సుమారు 45 కిలో కేలరీల శక్తి, 8.4 గ్రాముల చక్కెర, 50 మి.గ్రా. విటమిన్ సి, 200 మి.గ్రా. పొటాషియం, 30 మైక్రోగ్రాముల ఫోలేట్ ఉంటాయి. రకాన్ని, పక్వతను బట్టి ఈ విలువలు మారుతుంటాయి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ప్రకటించిన సిఫారసుల మేరకు రోజుకు విటమిన్ సి పురుషులకు 80 మి.గ్రా., స్త్రీలకు 65 మి.గ్రా. అవసరం. ఒక గ్లాసు తాజా రసం ఈ అవసరాన్ని చాలావరకు తీర్చగలదు. ఫోలేట్‌కు సంబంధించిన ఫోలిక్ ఆమ్లాన్ని 1945లో కృత్రిమంగా తయారుచేసిన లెడర్లీ పరిశోధనశాల శాస్త్రవేత్తలకు భీమవరంలో జన్మించిన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వం వహించడం తెలుగువారికి గర్వకారణం.

విటమిన్ సి మరొక విధంగానూ ముఖ్యమైనది. ఆకుకూరలు, పప్పులు, చిరుధాన్యాలలోని ఇనుమును శరీరం గ్రహించడానికి ఇది తోడ్పడుతుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ల మహిళలలో 58.8 శాతం మంది రక్తహీనతతో బాధపడుతున్నారు. మిరప కోతలకు, పత్తి తీతలకు వెళ్లే మహిళలు భోజనంతో పాటు ఒక బత్తాయి గాని, జామకాయ గాని తీసుకోవడం మేలు. జామలో విటమిన్ సి బత్తాయిలో కన్న అనేక రెట్లు అధికం, ధరయూ తక్కువ.

పండా? రసమా?

పండును తొనలతో తిన్నప్పుడు 100 గ్రాములకు సుమారు 2.4 గ్రాముల పీచుపదార్థం లభిస్తుంది. రసంలో అది 0.2 గ్రాములు మాత్రమే. 200 మి.లీ. గ్లాసు నిండడానికి రెండు మూడు కాయలు పిండాలి. అందులో పంచదార కలపకపోయినా దాదాపు 17 గ్రాముల చక్కెర ఉంటుంది. రసంలోని చక్కెరను ప్రపంచ ఆరోగ్య సంస్థ తేనె, పంచదారలతో సమానంగా పరిగణించి, రోజువారీ శక్తిలో ఇటువంటి చక్కెర వాటా 10 శాతానికి మించరాదని 2015లో సూచించింది. రోజుకు 2,000 కిలో కేలరీలు తీసుకునే వ్యక్తికి ఈ పరిమితి 50 గ్రాములు. ఒక్క గ్లాసుతోనే అందులో మూడవ వంతు పూర్తవుతుంది. కావున మధుమేహం గలవారు రసానికి బదులు పండునే మితంగా తీసుకోవడం, పొటాషియం పరిమితి గల మూత్రపిండాల రోగులు వైద్యుని సలహా పాటించడం అవసరం.

లేబుల్ చదవడం తప్పనిసరి

జ్యూస్ పేరిట చెలామణి అయ్యే ప్రతి ప్యాకెట్‌లోనూ ఉండేది పూర్తిగా రసమే కాదు. నిబంధనల ప్రకారం ఫ్రూట్ డ్రింక్ శ్రేణి పానీయంలో 10 శాతం పండ్ల రసం ఉంటే చాలును. మిగిలినది ప్రధానంగా నీరు, పంచదార. గాఢరసానికి నీరు కలిపి తయారుచేసిన పానీయాలపై "100 శాతం పండ్ల రసం" అన్న ప్రకటనను తొలగించవలసిందిగా భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2024 జూన్‌లో ఉత్పత్తిదారులను ఆదేశించింది. కొనుగోలుదారులు ప్యాకెట్ ముందువైపు బొమ్మను గాక, వెనుకవైపు గల పదార్థాల పట్టికను, రసం శాతాన్ని, చక్కెర పరిమాణాన్ని పరిశీలించాలి.

రసం దుకాణాల వద్ద

వీధి దుకాణాలు సైతం ఆహార భద్రత, ప్రమాణాల చట్టం, 2006 పరిధిలోనివే. తొక్క మీది మురికి కత్తి ద్వారా రసంలోకి చేరుతుంది గనుక కాయలను కోయక ముందే కడగాలి. రసయంత్రాన్ని, జల్లెడను, గ్లాసులను పరిశుభ్రమైన నీటితో కడగాలి. చేపల నిల్వకు, ఇతర అవసరాలకు వాడే ఐసును పానీయాలలో కలపరాదు. రసాన్ని ముందుగా పిండి ఉంచక, అడిగినప్పుడే పిండి ఇవ్వాలి. ఆలస్యమైతే చేదుతో పాటు క్రిములూ పెరుగుతాయి, విటమిన్ సి తరుగుతుంది. రాగి పాత్రలలో రసాన్ని ఉంచరాదు. అతిసార వ్యాధి సోకిన పిల్లలకు ఓఆర్ఎస్ ద్రావణానికి బదులుగా ఏ జ్యూస్‌నూ ఇవ్వరాదు.

దాహానికి ముందు మంచినీరు, మజ్జిగ, ఆకలికి పండు, అప్పుడప్పుడు రుచికి తాజా రసం అన్న క్రమాన్ని ప్రజలు పాటించినట్లయితే ఆరోగ్యానికి మేలు కలుగుతుంది. పండును పండుగా కొనుగోలు చేయడం ద్వారా బత్తాయి రైతుకు సైతం ప్రయోజనం చేకూరుతుంది. వేసవి ఆరంభానికి ముందే ఈ విషయాలను గ్రామసభలు, పాఠశాలలు, అంగన్‌వాడీ కేంద్రాల ద్వారా అధికారులు, తమ పత్రికల ద్వారా పాత్రికేయులు ప్రజలలోనికి తీసుకొనివెళ్లగలరని ఆశించడమైనది.