పుట్టింటి నుంచి తెచ్చుకున్న డాల్ఫిన్

పుట్టింటి నుంచి ఆడపిల్ల ఏం తెచ్చుకుంటుందని అడిగితే చీర, సారె, పసుపు కుంకుమ అంటారు. కాస్త కలిగినవాళ్లయితే నగానట్రా. నేను మాత్రం ఒక పాత కారు తెచ్చుకున్నాను. అదీ నడిచే కారు కాదు. లారీ మీద ఎక్కించి నెల్లూరు నుంచి సూళ్లూరుపేటకి తెచ్చుకున్న కారు. "పంపకాల్లో అడగడానికి నీకు ఇంకేమీ దొరకలేదా?" అని నవ్వినవాళ్లే ఎక్కువ.

అది 1983 మోడల్ సిపానీ డాల్ఫిన్. 1986లో నాన్న సెకండ్ హ్యాండులో కొన్నారు. ఆయన పోయాక షెడ్డులో పడి ఉంది. అన్నయ్యలిద్దరూ పాత ఇనుము వాడిని పిలిపించారు. తమాషా ఏమిటంటే, అతను కూడా బండిని చూసి పెదవి విరిచాడు. "ఇందులో ఇనుమేడుంది సార్, అంతా ఫైబరే గదా!" అన్నాడు.

అప్పుడు నేను నోరు విప్పాను, "అయితే నాకివ్వండి" అని. తండ్రి వీలునామా రాయకుండా పోతే, ఆయన సొంత సంపాదనలో కొడుకులతో పాటు కూతురికీ, తల్లికీ సమాన వాటా ఉంటుందని 1956 నాటి హిందూ వారసత్వ చట్టమే చెప్పింది. ఆ వాటా పొలానికీ, ఇంటికీ మాత్రమే కాదు, షెడ్డులో ఉన్న బండికీ వర్తిస్తుంది. మాకు తగాదా ఏమీ రాలేదు. అమ్మా అన్నయ్యలూ తమకు అభ్యంతరం లేదని రాసి సంతకాలు పెట్టిచ్చారు. వదిన మాత్రం "ముందు ఆర్.సి. పుస్తకం తీసుకెళ్లమ్మా, బండి తర్వాత" అంది. ఆ మాట విలువ తర్వాత తెలిసొచ్చింది.

ఏమిటీ డాల్ఫిన్?

ఇప్పటి పిల్లలకు ఈ పేరే తెలియదు. బెంగళూరులోని సిపానీ కంపెనీ 1982లో ఈ కారును తెచ్చింది. ఇంగ్లండులో రిలయంట్ అనే కంపెనీ చేసిన 'కిట్టెన్' అనే చిన్న కారు దీనికి మూలం. రెండు తలుపులు, 848 సీసీ అల్యూమినియం ఇంజను, కింద ఇనుప ఛాసిస్, దాని మీద ఫైబర్ గ్లాస్ బాడీ. రోడ్ల మీద ఎటు చూసినా అంబాసిడర్, ఫియట్ కనిపించే రోజులవి. బరువు తక్కువ కాబట్టి ఇది చురుగ్గా పరుగెత్తేది. కారు ర్యాలీల్లోనూ, మద్రాసు దగ్గర షోలవరం రేసుల్లోనూ పోటీపడేది. 1983 డిసెంబరులో మారుతి 800 రావడంతో జనం చూపు అటు తిరిగింది.

ఫైబర్ బాడీ అంటే చవకబారు ప్లాస్టిక్ అనుకోకండి. అమెరికాలో షెవర్లే కంపెనీ 1953లో కార్వెట్ అనే స్పోర్ట్స్ కారు చేసినప్పుడు దాని బాడీ ఫైబర్ గ్లాసే. మొదటి ఏడాది 300 కార్లే చేశారు, ఇప్పుడు వాటిని బంగారంలా చూసుకుంటున్నారు. రిలయంట్ వాళ్లదే సిమిటార్ అనే ఫైబర్ స్పోర్ట్స్ కారును బ్రిటన్ యువరాణి యాన్ ముచ్చటపడి స్వయంగా నడిపేవారు. మన దేశంలోనూ 1990ల చివర్లో శాన్ మోటార్స్ వాళ్లు 'స్టార్మ్' అని రెండు సీట్ల ఫైబర్ స్పోర్ట్స్ కారు చేశారు. మా డాల్ఫిన్ పేరుకు స్పోర్ట్స్ కారు కాకపోయినా, ఆ వంశంలో పిల్లే.

సుత్తితో కాదు

బండిని మొదట ఒక గ్యారేజీలో చూపించాం. ముందు మడ్‌గార్డు కాస్త లోపలికి నొక్కుకుని ఉంటే, అక్కడి పనివాడు ఇనుప బాడీని సరిచేసినట్టే లోపలి నుంచి సుత్తితో ఒక్కటి వేశాడు. మడ్‌గార్డు సాలెగూడులా నెర్రెలిచ్చింది. "ప్లాస్టిక్ బండి, ఇంతేనమ్మా, పారేయండి" అని తేల్చేశాడు. ఫైబర్‌కి సొట్ట పడదు, పగులుతుంది. దాన్ని తట్టి సరిచేయలేం, అతికి నిలబెట్టాలి. ఆ పని తెలిసినవాళ్లు కార్ల గ్యారేజీల్లో తక్కువ.

మరి ఎక్కడ ఉంటారు? మా ఊరి పక్కనే ఉన్నారు. పులికాట్ సరస్సు ఒడ్డున ఇప్పుడు ఫైబర్ పడవలు చాలా కనిపిస్తాయి. వాటికి చిల్లు పడితే అక్కడికక్కడే మరమ్మతు చేస్తారు. అలా పని చేసే ఒక పెద్దాయన్ని ఇంటికి పిలిపించాం. బండి చుట్టూ ఒకసారి తిరిగి, "ఏందమ్మా ఇది, పడవకి చక్రాలు బెట్టినారా?" అన్నాడు. "చేయగలవా అన్నా?" అంటే, "నేను జేసేదేంది, నువ్వే జేస్తావు. నాలుగు రోజులు చూపిస్తా" అన్నాడు. అన్నట్టే నాలుగు ఆదివారాలు వచ్చి నేర్పించాడు.

చేట అలికినట్టే

మా అమ్మమ్మ వెదురు చేట సందుల్లోంచి నూక రాలకుండా, పాత కాగితాలు నానబెట్టి మెంతిపిండి కలిపి రుబ్బి పూసేది. ఫైబర్ పని కూడా అలాంటిదే. కాగితం బదులు గాజు పీచుతో చేసిన మ్యాట్, మెంతిపిండి బదులు రెజిన్ అనే బంక. బలం ఇచ్చేది పీచు, పట్టి ఉంచేది బంక.

ముందు పగులు ఎంత దూరం పాకిందో చూడాలి. పైకి వెంట్రుకలా కనిపించేది లోపల జానెడు ఉంటుంది. పగులు కొసన చిన్న రంధ్రం వేస్తే అది ఇంకా ముందుకు పాకదు. తర్వాత పగులు పొడవునా గాడిలాగా అరగదీసి, అటూ ఇటూ రెండేసి అంగుళాలు పాత పెయింటు గీకేసి, ఎసిటోన్‌తో తుడవాలి. లోపలి వైపున రెజిన్ పూసి, మ్యాట్ ముక్క పరిచి, బ్రష్షుతో అద్దుతూ మళ్లీ రెజిన్ పట్టించాలి. ఇలా మూడు నాలుగు పొరలు, ప్రతి పొరా కింది దానికంటే కాస్త పెద్దది. మధ్యలో గాలి బుడగ మిగిలిందంటే అక్కడే మళ్లీ పగులుతుంది కాబట్టి చిన్న రోలరుతో ఒత్తుకుంటూ పోవాలి. బాగా గట్టిపడ్డాక పై గాడి పూడ్చి, గరుకు కాగితంతో మొదలుపెట్టి సన్న కాగితం దాకా రుద్ది, చివర్లో పుట్టీ, ప్రైమరు, పెయింటు.

రెజిన్ గట్టిపడటానికి క్యాటలిస్టు కలుపుతారు. వంద గ్రాములకు ఒకటి, రెండు గ్రాములు చాలు. ఇక్కడ మన వంటింటి లెక్కే పనికొచ్చింది. చలికాలం పాలకి తోడు కాస్త ఎక్కువ వేస్తాం, ఎండాకాలం తగ్గిస్తాం కదా! ఇదీ అంతే. మా ఊరి మే నెల ఎండలో కొలత మించితే గిన్నెలోనే గడ్డకట్టి, వేడెక్కి పొగలు కక్కుతుంది. అందుకే తెల్లవారుజామునే, కొద్దికొద్దిగా కలుపుకుని చేసేదాన్ని. వాన రోజుల్లో మ్యాట్ తేమ పీల్చుకుంటుంది, అతుకు నిలవదు. ఆ రోజుల్లో పని ఆపేశాను. బండి మొత్తానికి 12 కిలోల రెజిన్, 5 కిలోల మ్యాట్ పట్టింది.

ఇంట్లో చేసేటప్పుడు

ఈ పని ఇష్టమైనా, అజాగ్రత్తగా చేసేది కాదు. ముఖ్యంగా పిల్లలున్న ఇంట్లో.

క్యాటలిస్టు కంట్లో పడితే చూపే పోవచ్చు. కళ్లద్దాలు పెట్టుకోకుండా సీసా మూత తీయకూడదు. పొరపాటున చుక్క పడితే కనీసం పావుగంట నీళ్ల ధార కింద కడిగి, వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

కోబాల్టునూ, క్యాటలిస్టునూ నేరుగా కలిపితే మండి పేలుతుంది. కోబాల్టు ముందే కలిపిన రెజిన్ కొనుక్కుంటే ఈ ప్రమాదమే ఉండదు.

రెజిన్ వాసనకి ముక్కుకు గుడ్డ కట్టుకుంటే చాలదు. దుమ్ము మాస్కు దుమ్మునే ఆపుతుంది, ఆవిరిని ఆపదు. దానికి వేరే ఫిల్టరున్న మాస్కులు దొరుకుతాయి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు ఈ పనికి దూరంగా ఉండాలి.

పొయ్యి, దీపం, సిగరెట్టు దరిదాపుల్లో ఉండకూడదు. ఎసిటోన్, రెజిన్ రెండూ ఇట్టే అంటుకుంటాయి.

రుద్దేటప్పుడు లేచే గాజు దుమ్ము ఒంటికి తగిలితే ఒకటే దురద. నిండు చేతుల చొక్కా వేసుకుని, పని అయ్యాక చన్నీళ్లతో కడుక్కోవాలి. ఆ బట్టలు ఇంట్లో వాళ్ల బట్టలతో కలిపి ఉతికారో, ఆ దురద ఇంటిల్లిపాదికీ పంచినట్టే.

బాడీ సరే, కింద?

ఫైబర్‌కి తుప్పు పట్టదన్న మాట నిజమే. కానీ ఆ ధీమాలోనే అసలు మోసం ఉంది. బాడీ కింద ఉన్న ఛాసిస్ ఇనుమే కదా! సముద్రపు గాలి తగిలే మా వైపు ఊళ్లలో దాన్ని ఉప్పు తినేస్తుంది. బాడీ బోల్టులన్నీ విప్పి, ఇరుగుపొరుగు మగవాళ్లు ఆరుగురు పట్టి ఎత్తి పక్కన పెడితే అసలు రంగు బయటపడింది. రెండుచోట్ల ఛాసిస్ వేలితో గుచ్చితే చిల్లు పడేలా ఉంది. తుప్పంతా వైరు బ్రష్షుతో గీకి, కొత్త ఇనుప ముక్కలు వెల్డింగ్ చేయించి, రెడ్ ఆక్సైడ్ కొట్టాం. బాడీ తీయకుండా వెల్డింగ్ చేయిస్తే మాత్రం నిప్పురవ్వలకు ఫైబర్ అంటుకుంటుంది, జాగ్రత్త.

ఫైబర్ కారులో లైట్లు ఊరికే మినుకుమినుకుమంటుంటే బల్బులు మార్చి లాభం లేదు. ఇనుప కారులో బాడీయే ఎర్త్‌గా పనిచేస్తుంది. ఫైబర్‌లో కరెంటు పారదు కాబట్టి ప్రతి లైటుకీ ఛాసిస్ దాకా వేరే ఎర్త్ వైరు ఉండాలి. మా బండికి సగం జబ్బు అక్కడే తీరింది.

ఇంజను మారుద్దామా?

మావారూ, మా అబ్బాయీ ఒకే పాట. "ఈ ఇంజనుకి సామాన్లు ఎక్కడ వెతుకుతాం? మారుతి ఇంజను పెట్టేద్దాం." మెకానిక్కూ సై అన్నాడు. నాకు మాత్రం మనసొప్పలేదు. నాన్న పొద్దున్నే స్టార్ట్ చేస్తే మాకు మెలకువ వచ్చిన చప్పుడు ఆ ఇంజనుదే. అయినా సెంటిమెంటు మాట పక్కన పెట్టి, చట్టం ఏమంటుందో కనుక్కున్నాను. ఆర్.సి.లో ఉన్న వివరాలు, కంపెనీ మొదట ఇచ్చిన వివరాలకు భిన్నంగా ఉండేలా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే మాట గట్టిగా చెప్పింది. రంగు మార్చినా ఆర్.సి.లో రాయించుకోవాల్సిందే.

ఇంకో సంగతి. యాభై ఏళ్లు దాటి, అసలు రూపంలోనే ఉన్న సొంత బండ్లకు 'వింటేజ్' రిజిస్ట్రేషన్ ఇచ్చేలా 2021లో నిబంధనలు వచ్చాయి. మా బండికి ఆ వయసు 2033లో వస్తుంది. ఇప్పుడు ఇంజను మార్చేస్తే అప్పుడు ఏ ముఖంతో అడుగుతాం? ఈ మాటతో తండ్రీకొడుకులు తగ్గారు. పాత ఇంజనునే విప్పి బాగుచేయించాం. అల్యూమినియం కాబట్టి రేడియేటర్లో ఉప్పు బోరు నీళ్లు మానేసి, డిస్టిల్డ్ వాటరు, కూలెంటు పోస్తున్నాం.

అలాగని ఏమీ మార్చలేదని కాదు. మంచి సీటు బెల్టులు బిగించాం. వాటి బోల్టులు వట్టి ఫైబర్‌కి బిగిస్తే గుద్దుకున్నప్పుడు ఊడి చేతికొస్తాయి. అందుకని ఛాసిస్‌కు వెల్డింగ్ చేసిన పట్టీలకు బిగించాం. సీట్ల కవర్లు, లోపలి కప్పు గుడ్డ నా కుట్టు మిషను మీద కుట్టినవే. రంగు నాన్న నాటిదే.

కాగితాలు మరవకండి

యజమాని చనిపోతే వారసులు 30 రోజుల్లోగా ఆర్టీఓ ఆఫీసుకు తెలియజేయాలి. మూడు నెలల్లోగా ఫారం 31 ఇచ్చి పేరు మార్పించుకోవాలి. మరణ ధ్రువపత్రం, మిగతా వారసుల సమ్మతి ఉండాలి. పదిహేనేళ్లు దాటిన కారుకు ఫారం 25 తో ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ రెన్యూవల్ చేయించాలి. బండిని తనిఖీకి చూపించాలి. కార్లకు ఈ ఫీజు 2022 ఏప్రిల్‌లో 600 నుంచి 5,000 రూపాయలైంది. ఇరవై ఏళ్లు దాటిన వాటికి 2025లో ఇంకా పెంచారు. వెళ్లేముందు అప్పటి ఫీజు కనుక్కోండి.

ఇంత ఖర్చుకి మంచి స్కూటరు వచ్చేదని ఇప్పటికీ అనేవాళ్లున్నారు. రావచ్చు. కానీ ఆర్.సి.లో నాన్న పేరు ఉన్నచోట ఇప్పుడు నా పేరుంది. పగిలిన చోటల్లా నా చేతి అతుకుంది. మీ పుట్టింటి షెడ్డులోనూ ఏ పాత స్కూటరో, కుట్టు మిషనో, గ్రామఫోనో పడి ఉండొచ్చు. ఇనుము వాడి తక్కెడ ఎక్కకముందే ఒక్కసారి అడిగి చూడండి. బండి అయితే మాత్రం మా వదిన మాట మరవకండి. ముందు ఆర్.సి. పుస్తకం, ఆ తర్వాతే బండి!