కూడలి విగ్రహములు, పీఠలేఖనములు: విజ్ఞానసర్వస్వ రచనలో ఒక విద్యార్థిని అనుభవము

విజ్ఞానసర్వస్వ రచన తెలుగువారికి క్రొత్తది కాదు. కొమఱ్ఱాజు వేంకటలక్ష్మణరావుగారు ఆంధ్ర విజ్ఞానసర్వస్వమును చేపట్టి మూడు సంపుటములను వెలువరించిరి. ఆ మూడును అకారాది పదములతోనే నిండినవి. 1923లో వారు దివంగతులైరి. ఆనాటి విజ్ఞానసర్వస్వమునకు రచయిత పాండిత్యమే ప్రమాణము. శాసనములను గూర్చి లక్ష్మణరావుగారు వ్రాసినచో పాఠకుడు ఆ పేరు చూచియే విశ్వసించెడివాడు. నేటి అంతర్జాల విజ్ఞానసర్వస్వమగు వికీపీడియా పద్ధతి వేఱు. 2003 డిసెంబరులో ఆరంభమైన తెలుగు వికీపీడియాలో ఆచార్యుడు వ్రాసినను విద్యార్థి వ్రాసినను, ఆ వాక్యమునకు ప్రచురితమైన ఆధారమేదియని యడుగుదురు. అచట రచయితకు గాక వాక్యమునకే పరీక్ష. ఈ భేదము పైకి చిన్నదిగా తోచును. కాని మా శాఖ విద్యార్థిని యొకతె పట్టణములోని విగ్రహములను గూర్చి వ్రాయబూనినప్పుడు దాని లోతు మాకు తెలిసివచ్చినది. ఆ యనుభవమును వివరించి, దానినుండి మన పరిశోధనకు ఏర్పడుచున్న బాధ్యతను సూచించుట ఈ వ్యాసమున కుద్దేశము.

ఇట్టి ప్రయత్నము ఇతరత్ర జరుగకపోలేదు. 2009లో అమెరికాలోని ఇండియానాపొలిస్ నగరమున విశ్వవిద్యాలయ విద్యార్థులు తమ ఆవరణమునందలి శిల్పములను ఒక్కొక్కటిగా పరిశీలించి వికీపీడియాలో వ్యాసములు వ్రాసిరి. మా విద్యార్థిని పట్టణపు కూడలులలో నిలిచియున్న పదునొకండు విగ్రహముల నెన్నుకొనెను. దినమును వాని ప్రక్కనుండియే పోవుచున్నను, వానిని చదువదగిన వస్తువులుగా మేమెవ్వరమును అంతవఱకు తలపలేదు.

ఆమె మొదట నాకు చూపినది గురజాడ అప్పారావుగారి విగ్రహమును గూర్చిన వ్యాసము. అందు గురజాడవారి జననము 1862 అనియు, నిర్యాణము 1915 అనియు, కన్యాశుల్కము తొలికూర్పు 1897లో వెలువడినదనియు కలదు. విగ్రహమును గూర్చి మాత్రము ‘కూడలిలో కలదు’ అను నొక్క వాక్యమే యుండెను. దీనిని నేను తిప్పి యిచ్చితిని. గురజాడ వేఱు, గురజాడ విగ్రహము వేఱు. మొదటిది సాహిత్యచరిత్రకు విషయము. రెండవది ఒకానొక సంవత్సరమున, ఒకానొక ద్రవ్యముతో, ఒక శిల్పి చేతిలో రూపుగొని, కొందఱి విరాళములతో నిలిచిన వస్తువు. దానికి తనదైన చరిత్ర కలదు.

ఈ విచక్షణ మన శాఖలవారికి మిక్కిలి ముఖ్యము. హైదరాబాదులో హుస్సేనుసాగరపు కట్టమీద, గత శతాబ్ది తొమ్మిదవ దశకమున, నందమూరి తారకరామారావుగారు ముఖ్యమంత్రిగా నున్నప్పుడు, తెలుగు ప్రముఖుల విగ్రహములు వరుసగా నెలకొల్పబడినవి. వానిలో నన్నయ, తిక్కన, ఎఱ్ఱన, పోతన, మొల్ల, వేమన కలరు. పదునొకండవ శతాబ్దివాడగు నన్నయకు సమకాలికమైన ప్రతిమ యేదియు మనకు లభింపలేదు. కావున ఆ విగ్రహపు ముఖము, ఉత్తరీయము, కూర్చున్న తీరు నన్నయనుగూర్చి సాక్ష్యము చెప్పజాలవు. ఇరువదవ శతాబ్ది తెలుగువారు నన్నయ నెట్లు ఊహించుకొనిరో యను విషయమునకే అవి సాక్ష్యములు. శ్రీకృష్ణదేవరాయల విషయము వేఱు. తిరుమల దేవాలయమున రాయలకును, ఆయన దేవేరులకును లోహప్రతిమలు కలవు. వానిపై పేరులు లిఖింపబడియున్నవి. రాయల విగ్రహమును మలచు శిల్పికి ఎదుట నొక ఆధారము కలదు. నన్నయను మలచువానికి అట్టిది లేదు. విగ్రహమును గూర్చి వ్రాయువాడు ఈ రెండింటిని ఒకే తీరున వర్ణింపరాదు.

రెండవమాఱు ఆమె కొలబద్దతోను, చిన్న పుస్తకముతోను బయలుదేరెను. ప్రతి విగ్రహమునకును స్థలము, ముఖమున్న దిక్కు, పీఠముతోడను పీఠము లేకయు ఎత్తు, ద్రవ్యము, నేటి స్థితి వేఱువేఱుగా వ్రాసికొనెను. కంచువలె కనబడు మూడు విగ్రహములు కంచువి కావని తేలినది. పాదములకడ రంగు పెచ్చులూడినచోట సిమెంటు బయటపడినది. నాలుగు దిక్కులనుండియు ఛాయాచిత్రములు తీయబడినవి.

ఛాయాచిత్రముల విషయమున నొక న్యాయసమస్య కలదు. శిల్పమునకు శిల్పి హక్కుదారు. మరి దాని చిత్రమును ఇతరులు ప్రకటింపవచ్చునా? 1957వ సంవత్సరపు భారత కాపీరైటు చట్టములోని 52వ విభాగము ప్రకారము, బహిరంగ ప్రదేశమున శాశ్వతముగా నెలకొల్పిన శిల్పమునకు ఛాయాచిత్రము తీయుటయు, దానిని ప్రచురించుటయు హక్కుల ఉల్లంఘనము కాదు. గోడమీది వర్ణచిత్రములకు ఈ వెసులుబాటు వర్తింపదు. అమెరికాలో ఇట్టి సౌకర్యము కట్టడములకే గాని శిల్పములకు లేదు. ఇక విద్యార్థి తన చిత్రములను వికీమీడియా కామన్స్‌లో నుంచినప్పుడు, తన పేరు చెప్పు నియమముతో ఎవరైనను, వ్యాపారమునకు సైతము, వానిని వాడుకొనుట కనుమతి యిచ్చుచున్నాడు. ఆ యనుమతిని తరువాత వెనుకకు తీసికొనుటకు వీలులేదు. ఈ సంగతిని అధ్యాపకుడు ముందుగా చెప్పి, విద్యార్థి యిష్టపడిన పిమ్మటనే పని యొప్పగింపవలెను.

పీఠములమీది వ్రాతలను ఎత్తి వ్రాయుటలో ఆమెకు శాసనపాఠమునందలి కష్టములన్నియు ఎదురైనవి. ఏటేట వేసిన రంగులవలన అక్షరములు పూడిపోయినవి. మిట్టమధ్యాహ్నము చదువరాని పంక్తులు, సాయంకాలము దీపపు వెలుగును ప్రక్కనుండి పఱచినప్పుడు కనబడినవి. శిలాశాసనములను చదువువారికి ఈ యుపాయము తెలిసినదే. ఒకచోట ‘ఆవిస్కరణ’ అని యుండగా ఆమె ‘ఆవిష్కరణ’ అని దిద్ది వ్రాసెను. ఉన్నదున్నట్లు వ్రాయుమని చెప్పితిని. చెక్కినవాని యుచ్చారణయు, అతని చదువును ఆ తప్పులో కలవు. మనము దిద్దినచో అవి పోవును. పంక్తి విరుపులను, చెడిన అక్షరములకు కుండలీకరణములను పాటించి పదునొకండు పీఠముల పాఠమును ఆమె సిద్ధము చేసెను.

పాఠాంతరములును తలయెత్తినవి. ఒక విగ్రహమునకు పీఠముమీద 1974 అని యుండగా, నాటి పత్రికలో ఆవిష్కరణ వార్త 1975లో కనబడినది. మొదట ఒకటి తప్పని తలచితిమి. పీఠపాఠమును మరల చూడగా అది శంకుస్థాపన సంవత్సరమని తేలినది. రెండును నిజములే. ప్రసిద్ధ శిల్పముల విషయమునను ఇట్లే జరుగును. హుస్సేనుసాగరము నడుమ నిలిచిన ఏకశిలా బుద్ధవిగ్రహము గణపతి స్థపతి పర్యవేక్షణమున మలచబడినది. 1990లో తరలించుచుండగా నీట మునిగినది. 1992లో పైకి తీయబడినది. దాని యెత్తు వేర్వేఱు రచనలలో 16, 17, 18 మీటర్లుగను, బరువు 320 మొదలు 450 టన్నుల వఱకును కానవచ్చుచున్నది. ఒక అంకెను నచ్చినట్లు గ్రహించి తక్కినవానిని విడుచుట విజ్ఞానసర్వస్వ పద్ధతి కాదు. ప్రత్యంతరములను అడుగున చూపు పరిష్కర్త పద్ధతియే ఇచటను శరణ్యము.

ఇంతవఱకు పనిలోని కష్టములు. ఇక పని వలన బయటపడిన లోపమును చెప్పవలెను. పదునొకండు పీఠములలో ఆవిష్కర్త పేరు పదింట కలదు. దాతల పేరులు ఎనిమిదింట కలవు. శిల్పి పేరున్నది ఒక్కదానిమీదనే; అదియు వెనుకవైపున, నేలకు జానెడు ఎత్తున, చిన్న అక్షరములలో. మన కవులు ఆశ్వాసాంత గద్యలో తండ్రి పేరు, తమ పేరు చెప్పుకొని కృతిపై తమ ముద్ర నిలుపుకొనిరి. శిల్పికి అట్టి గద్య లేదు. పాలంపేట ఆలయమున 1213 నాటి శాసనము కట్టించిన రేచర్ల రుద్రుని కీర్తించుచున్నది. శిల్పి పేరు రామప్పయని చెప్పునది జనశ్రుతియే. ఆ జనశ్రుతివలననే ఆలయమునకు ఆ పేరు నిలిచినది. రాయలసీమవారికి సుపరిచితుడగు సర్ తామస్ మన్రో అశ్వారూఢ విగ్రహము 1839లో చెన్నపట్టణమున నిలుపబడినది. దానిని చేసినవాడు ఆంగ్ల శిల్పి ఫ్రాన్సిస్ చాంట్రీ యని నేటికిని నిస్సంశయముగా చెప్పగలుగుచున్నాము. దాదాపు రెండు శతాబ్దుల నాటి శిల్పికి దక్కిన ఈ భాగ్యము, యాభై యేండ్ల క్రిందట మన కూడలిలో విగ్రహము నిలిపినవానికి దక్కలేదు.

విద్యార్థిని విచారింపగా, రెండు విగ్రహములను చేసినట్టి వృద్ధ శిల్పి పట్టణములోనే యున్నాడని తెలిసినది. ఆమె పోయి యడిగెను. “చేసింది నేనేనమ్మా. పేరు వెయ్యమని వాళ్ళూ అనలేదు, నేనూ అడగలేదు” అని యాయన చెప్పెను. మట్టి నమూనా ప్రక్కన తాను నిలిచియున్న పాత ఛాయాచిత్రమునుగూడ చూపెను. ఆమె సంతోషముతో వచ్చి ఆయన పేరును రెండు వ్యాసములలోను చేర్చెను. మూడునాళ్ళలో మఱియొక సంపాదకుడు దానిని తొలగించి ‘ఆధారము లేదు’ అని వ్రాసెను. ఆమె మిక్కిలి నొచ్చుకొనెను. “సత్యమని తెలిసియు వ్రాయకూడదా?” అని నన్నడిగెను.

ఈ ప్రశ్నకు వెంటనే సమాధానము చెప్పలేకపోతిని. ఆలోచింపగా తోచినదేమనగా, సంపాదకుడు చేసినది నియమానుసారమే. స్వయముగా కనుగొన్న విషయమును తొలుత ప్రకటించు స్థలము విజ్ఞానసర్వస్వము కాదు; ప్రకటితమైనదానిని క్రోడీకరించు స్థలము. ఆ నియమము లేనిచో ‘మా తాత చేసిన విగ్రహము’ అని పదుగురు పది పేరులు చేర్చుటకు అడ్డుండదు. ఆమె మరల వెదకెను. పదవీ విరమణ చేసిన యుపాధ్యాయుడొకరి యింట ఆవిష్కరణోత్సవపు ప్రత్యేక సంచిక దొరకినది. అందు కృతజ్ఞతల పుటలో ఆ శిల్పి పేరు ఒక పంక్తిలో కలదు. ఒక విగ్రహమునకు ఆయన పేరు మరల చేరినది. ఈమాఱు ఎవరును తొలగింపలేదు. రెండవదానికి ముద్రితాధారము దొరకలేదు. ఆ వ్యాసమున శిల్పి పేరుండవలసిన చోటు నేటికిని ఖాళీగనే యున్నది. ప్రత్యేక వ్యాసమునకు చాలినన్ని యాధారములు లేని విగ్రహములను ఆమె పట్టణ విగ్రహముల జాబితాలో చేర్చి తృప్తిపడెను.

ఇంతలో మఱియొకటి జరిగినది. దారి వెడల్పు చేయుటకై ఒక విగ్రహమును కూడలినుండి ప్రక్కకు జరిపిరి. పాత పీఠమును పగులగొట్టి క్రొత్తది కట్టిరి. క్రొత్త పీఠముమీద క్రొత్త ఆవిష్కర్త పేరున్నది. పగిలిపోయినది ఏదియనగా, వెనుకవైపున శిల్పి పేరున్న ఆ యొక్క పీఠమే. నేడు ఆ పేరునకు మిగిలిన సాక్ష్యము, నాలుగు నెలల ముందు మా విద్యార్థిని దీపము పట్టి తీసిన ఛాయాచిత్రమును, ఆమె పుస్తకములోని ఐదు పంక్తులును. 2011 మార్చి 10వ తేదీన హుస్సేనుసాగరపు కట్టమీది విగ్రహములు పలు ధ్వంసమైనవి. పిమ్మట మరల ప్రతిష్ఠింపబడినవి. విగ్రహము పడిపోయినచో ఊరంతయు చూచును, వార్తయగును. పీఠము మాఱినచో ఎవరును చూడరు. కావున పీఠపాఠమును ముందుగా ఎత్తివ్రాయుట మఱింత అవసరము.

ఆ విద్యార్థిని ప్రశ్నకు ఇప్పుడు సమాధానము చెప్పగలను. సత్యమని తెలిసినదానిని వ్రాయవలెను. కాని తొలుత వ్రాయవలసిన చోటు విజ్ఞానసర్వస్వము కాదు, మన పత్రికలు. శిల్పి నోటిమాటను, కాలమును స్థలమును పేర్కొని, ఆయన చూపిన ఛాయాచిత్రముతో పోల్చి, సంశయములను దాచక ప్రకటించుట పరిశోధన. అది పరిశీలకుల చేతిమీదుగా అచ్చయిన పిమ్మట విజ్ఞానసర్వస్వము దానిని నిస్సంకోచముగా గ్రహించును. ఇది దొడ్డిదారి కారాదు. వికీపీడియాలో చేర్చుటకే యని పరీక్ష లేకుండ అచ్చువేసినచో మన పత్రికయు చెడును, విజ్ఞానసర్వస్వమును చెడును. తాను వ్రాసినదానిని తానే ఆధారముగా చూపక, ఆ పని ఇతర సంపాదకులకు విడుచుటయు మర్యాద.

శతాబ్దుల నాటి శాసనములను చదువుటకు మన శాఖలలో శిక్షణ కలదు. యాభై యేండ్ల నాటి పీఠలేఖనము శాసనము కాదను భావము మనలో నెలకొనియున్నది. రాజు వేయించినదియు, పురపాలకసంఘము వేయించినదియు లేఖనములే. మొదటిది వేయి యేండ్లు నిలిచినది; రెండవది దారి వెడల్పు చేయుదినమునకు మించి నిలువదు. ప్రతి శాఖయు తన పట్టణములోని పీఠపాఠములను ఏటికొక పర్యాయము ఎత్తివ్రాయించి, పరిష్కరించి, తన వార్షిక సంచికలో ప్రకటించుట మేలు. అంతకంటె ముందుగా చేయవలసినది, జీవించియున్న శిల్పులను కలిసికొనుట. మా పట్టణపు వృద్ధ శిల్పి చెప్పినదానిని మా విద్యార్థిని వ్రాసి, ఆయనకు చదివి వినిపించి, సంతకము పెట్టించుకొనినది. ఆ వ్యాసము పరిశీలకుల యొద్ద నున్నది.