పుట్టగొడుగు పగడం: ఇంటి గాజుతొట్టిలో ఎక్కడ ఉంచాలి, ఎలా పెంచాలి?

మన ఇండ్లలో మంగళసూత్రానికి నల్లపూసలతో పాటు పగడం గుచ్చడం తరతరాలుగా వస్తున్న ఆచారం. ఆ ఎర్రని పూస గనిలో దొరికిన రాయి కాదని, సముద్రంలోని చిన్న ప్రాణులు కట్టుకొన్న కట్టడమని తరగతిలో చెప్పినప్పుడు పిల్లలు ఒక పట్టాన నమ్మలేదు. "పట్టుపురుగు గూడు లాంటిదా సార్?" అని ఒక బాలిక అడిగింది. పోలిక పూర్తిగా సరిపోదు. పట్టుపురుగు గూటిని చీల్చుకొని చిమ్మటయై బయటికి వస్తుంది. పగడపు జీవి తన సున్నపు కట్టడాన్ని విడవక జీవితాంతం అక్కడే ఉంటుంది. అయినా ఆ బాలిక ఆలోచన సరైన దారిలోనే ఉన్నది. పగడం ఒక ప్రాణి. ఈ వ్యాసంలోని మాటలన్నింటికీ అదే మూలం.

సాదలి నుంచి సముద్రం 250 కిలోమీటర్లకు పైనే. అయినప్పటికీ బెంగళూరులో ఉద్యోగం చేసే మన పిల్లల ఇండ్లలో ఉప్పునీటి అక్వేరియంలు కనిపిస్తున్నాయి. అటువంటి తొట్టిలో పగడం పెంచదలచినవారు సాధారణంగా మొదట కొనేది పుట్టగొడుగు పగడం. కన్నడంలో పుట్టగొడుగును అణబె అని, పగడాన్ని హవళ అని అంటాము. పేరు ఎంత ఇంపుగా ఉన్నా ఇది పుట్టగొడుగూ కాదు, నిజమైన రాతి పగడమూ కాదు.

ఇది ఎటువంటి ప్రాణి?

గుండ్రని మెత్తని పళ్లెం, మధ్యలో నోరు, అడుగున రాతిని పట్టుకొనే పాదం: దీని శరీరం ఇంతే. లోపల సున్నపు ఎముక ఉండదు. శాస్త్రజ్ఞులు దీనిని కొరాల్లిమార్ఫ్ అనే వర్గంలో చేర్చారు. డిస్కోసోమా, రోడాక్టిస్, రికార్డియా అనే పేర్లతో ఇవి అమ్మకానికి వస్తాయి. వీటి కణజాలంలో ఏకకణ నాచు నివసిస్తుంది. ఆ నాచు వెలుతురుతో ఆహారం తయారుచేసి, అందులో అధిక భాగాన్ని తన ఆతిథేయికి ఇస్తుంది. అందువలన వీటికి వెలుతురు కావాలి. కానీ కొంచెమే కావాలి.

నీరు మొదటి మాట

మన బోరు నీరు ఈ ప్రాణికి పనికిరాదు. మన ప్రాంతంలో అనేక ఊళ్ల భూగర్భజలంలో ఫ్లోరైడు ఎక్కువని అందరికీ తెలిసినదే. దానితోపాటు గట్టిదనమూ, నైట్రేటూ ఉంటాయి. ఊళ్లలోని శుద్ధ నీటి ఘటకాల నీరు త్రాగడానికి మంచిదైనా, అందులో కొంత లవణం మిగిలి ఉండవచ్చు. టి.డి.ఎస్. మీటరుతో చూసి, అంకె సున్నాకు దగ్గరగా ఉన్న నీటినే వాడాలి.

ఆ నీటిలో అక్వేరియం కోసం తయారయ్యే సముద్రపు ఉప్పు మిశ్రమాన్ని లీటరుకు సుమారు 35 నుంచి 38 గ్రాములు కలపాలి. వంట ఉప్పు వాడరాదు. సాంద్రత 1.025 దగ్గర, ఉష్ణోగ్రత 24 నుంచి 27 డిగ్రీల సెల్సియస్ మధ్య నిలవాలి. ఏప్రిల్, మే నెలల ఎండల్లో నీటిపైకి చిన్న ఫ్యాను గాలి తగిలేలా అమర్చితే వేడి తగ్గుతుంది. గాలితో నీరు ఆవిరైపోతుంది గాని ఉప్పు పోదు. కనుక తగ్గిన మేరకు మంచినీటినే కలపాలి, ఉప్పునీటిని కాదు. కరెంటు పోయినప్పుడు గాలి అందించడానికి బ్యాటరీతో నడిచే చిన్న పంపు సిద్ధంగా ఉండాలి.

తొట్టి నింపిన మరునాడే పగడం తేరాదు. మలినాల నుంచి పుట్టే అమోనియాను నైట్రైటుగానూ, నైట్రైటును నైట్రేటుగానూ మార్చే సూక్ష్మజీవులు రాళ్లలో స్థిరపడడానికి సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అమోనియా, నైట్రైటు సున్నాకు వచ్చిన తరువాతనే ప్రాణిని తేవాలి. నైట్రేటు మాత్రం లీటరుకు 5 నుంచి 20 మిల్లీగ్రాముల వరకు ఉంటే పుట్టగొడుగు పగడానికి మేలే. మరీ నిర్మలమైన నీటిలో ఇది చిక్కిపోతుంది.

ఎక్కడ ఉంచాలి?

మా తమ్ముడు బెంగళూరులో మొదటిసారి రెండు పగడాలు కొన్నాడు. అందరికీ బాగా కనబడాలని రెండింటినీ దీపం కిందనే, పై రాతి మీద పెట్టాడు. వారం తిరగకముందే ఒకటి రూపాయి బిళ్లంత ముడుచుకుపోయింది. రెండవది పట్టు వదలి కొట్టుకుపోయి, పంపులో చిక్కి ముక్కలైంది. మిగిలిన దానిని అడుగున రాతి నీడలోకి మార్చగా పది దినాలకు మెల్లగా విచ్చుకొన్నది. దోషం ప్రాణిది కాదు, చోటుది.

కాబట్టి దీనిని తొట్టి అడుగు భాగంలో, నేరుగా దీపం పడని చోట ఉంచాలి. నీరు దాని అంచును మెల్లగా కదిలిస్తే చాలు. అంచు మడతపడేంత ప్రవాహం ఉండరాదు. పొరుగున ఉన్న పగడాలకు ఇది తాకితే వాటి కణజాలం దెబ్బతింటుంది. కనుక జానెడు దూరం వదలాలి. వీలైతే మిగతా రాళ్లకు దూరంగా ఇసుకలో ఒంటరి రాయిని ఉంచి, దానిమీద పెంచడం అన్నిటికన్నా క్షేమం. పాకినా ఆ రాయి దాటి పోదు. ఏనుగు చెవి అని పిలిచే పెద్ద రకం సంచిలా ముడుచుకొని చిన్న చేపలను మింగగలదు. చిన్న చేపలున్న తొట్టిలో దానిని పెట్టకపోవడమే మంచిది.

దీని ఒంటి నిండా జిగురు ఉండడం వల్ల బంకతో అంటించినా నిలవదు. ఒక గిన్నెలో చిన్న రాతి ముక్కలు పరచి, వాటిపై పగడాన్ని పెట్టి, పైన దోమతెర గుడ్డ కట్టి, ప్రవాహం తక్కువగా ఉన్న మూల ఉంచాలి. ఒకటి రెండు వారాల్లో అది తానే ఒక రాతిని పట్టుకొంటుంది. తరువాత ఆ రాతిని కోరిన చోట ఉంచవచ్చు. ఆపై ఊరక చోటు మార్చరాదు. చాకీ పురుగులను మాటిమాటికీ చేతితో ముట్టరాదని మన రేష్మె రైతులకు వేరుగా చెప్పనక్కరలేదు.

ఎలా పెరుగుతుంది?

పాదంతో మెల్లగా జరుగుతూ వెనుక చిన్న తునకలను వదలిపోతుంది. ఒక్కొక్క తునక కొత్త పగడమౌతుంది. కొన్ని మధ్యకు చీలి రెండౌతాయి. మల్బరీ కడ్డీలు నాటి తోట పెంచినట్లే, అనుభవజ్ఞులు దీనిని నోటి మీదుగా పదునైన శుభ్రమైన బ్లేడుతో రెండు ముక్కలు చేసి పెంచుతారు. కొత్తవారికి ఆ తొందర వద్దు. ముట్టుకొనేటప్పుడు చేతి తొడుగులు వేసుకోవాలి, పని అయిన తరువాత సబ్బుతో చేతులు కడుక్కోవాలి. పిల్లలను తొట్టిలో చేయి పెట్టనీయరాదు.

దీని పెరుగుదల ఎంత బలమైనదో ఒక ఉదాహరణ చెప్పుతాను. పసిఫిక్ మహాసముద్రంలోని పామైరా దీవి వద్ద 1991లో ఒక చేపల ఓడ మునిగింది. ఆ శిథిలం చుట్టూ రోడాక్టిస్ జాతి విపరీతంగా వ్యాపించి రాతి పగడాలను కప్పివేసింది. ఓడ నుంచి కరిగిన ఇనుము దీనికి ఊతమిచ్చి ఉండవచ్చునని శాస్త్రజ్ఞుల అభిప్రాయం. తొట్టిలో వద్దనుకొన్న ముక్కలను సముద్రంలోగాని, చెరువులోగాని ఎందుకు పారవేయరాదో దీనిని బట్టి తెలుసుకోవచ్చు.

చట్టం ఏమంటుంది?

ఇక్కడ పేరు వల్ల ఒక చిక్కు ఉన్నది. ఫంజియా అనే రాతి పగడాన్ని కూడా పుట్టగొడుగు పగడమనే పిలుస్తారు. దానికి గట్టి సున్నపు ఎముక, పుట్టగొడుగు అడుగున కనిపించే రేకుల వంటి గీతలు ఉంటాయి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో 2001లో దిబ్బలు కట్టే రాతి పగడాలన్నింటినీ చేర్చారు. వాటిని సముద్రం నుంచి తీయడం, అమ్మడం, కొనడం నేరం. ఇందుకు మూడు నుంచి ఏడేండ్ల జైలు శిక్ష ఉన్నది. చచ్చిన పగడపు ముక్కకూ ఇదే వర్తిస్తుంది. రామేశ్వరం యాత్రకు పోయినవారు తెల్లని పగడపు కొమ్మను గుర్తుగా తెచ్చుకోరాదని ఇందుకే మనవి చేస్తున్నాను. అక్కడికి దగ్గరలోని మన్నారు సింధుశాఖలో 21 దీవులను 1986లో సముద్ర జాతీయ ఉద్యానంగా ప్రకటించవలసి వచ్చింది. ఒకప్పుడు సున్నానికీ, కట్టడాలకూ అక్కడి పగడపు రాళ్లను తవ్వుకొనిపోయారు. 1998, 2010, 2016 సంవత్సరాల్లో సముద్రం వేడెక్కి అక్కడి పగడాలు తెల్లబారాయి.

కనుక ఎముక లేని మెత్తని రకాన్నే, అదీ తొట్టిలోనే పెంచి విడదీసినదానినే కొనాలి. ఎక్కడి నుంచి వచ్చిందో తెలిపే రసీదు అడగాలి. విక్రేత సమాధానం చెప్పలేకపోతే కొనకుండా వెనుకకు రావడమే మర్యాద.

తెల్లబారడం, నోరు తెరచి వ్రేలాడడం, ముడుచుకొనిపోవడం, పట్టు వదలడం: ఇవి కష్టానికి గుర్తులు. అప్పుడు మందుల కోసం పరుగెత్తక, మొదట వెలుతురు, ప్రవాహం, ఉప్పు, వేడి అనే నాలుగింటిని వరుసగా పరీక్షించాలి. తమ్ముని తొట్టిలో నీడకు మార్చిన ఆ ఒక్క పగడం ఏడాదికి ఐదైంది. తాను చేసిందల్లా దానిని సరైన చోట ఉంచి, నీటిని కాచుకొని, చేయి పెట్టకుండా ఉండడమేనని వాడే చెప్పుతాడు. అంత ఓపిక ఉన్న ఇంట్లోనే ఈ ప్రాణికి చోటు ఇవ్వవచ్చు. లేనివారు కొనకపోవడమే పగడానికీ, సముద్రానికీ మేలు.