గూడబాతుకు టెలికన్వర్టరు, గద్దకు వట్టి లెన్సు

హైదరాబాదు పాతబస్తీకి నైరుతి దిక్కున, నెహ్రూ జంతుప్రదర్శనశాలను ఆనుకొని, మీర్ ఆలం చెరువు కలదు. 19వ శతాబ్దపు తొలి సంవత్సరములలో నిజాము దివానుగా నుండిన మీర్ ఆలం పేర వెలసిన ఈ చెరువునకు ఇరువదియొక్క అర్ధవృత్తాకారపు కమానులను వరుసగా నిలిపి కట్టిన ఆనకట్ట అలంకారము. నీటి ఒత్తిడిని కమానులు స్తంభములకు అందించునట్లు కట్టిన ఆ నిర్మాణ చాతుర్యమును చూచుటకు వచ్చువారు కొందరైతే, శీతకాలపు ప్రాతఃకాలమున నీటి నడుమ విశ్రమించు గూడబాతులను, రెక్కలార్చుకొను నీటికాకులను, ఒంటికాలిపై నిలిచిన కొంగలను కెమెరాలో బంధింపవలయునని వచ్చువారు మరికొందరు. ఈ రెండవ తెగవారి మనోవ్యథయే ఈ వ్యాసమునకు విషయము.

వారి వ్యథ దూరమునకు సంబంధించినది. అడవిలోనైనచో ఓర్పు గలవాడు చెట్టుచాటున నక్కి, పొదచాటున ప్రాకి, నాలుగడుగులు ముందుకు పోగలడు. చెరువు గట్టున నిలిచినవానికి ఆ అవకాశము లేదు. లెక్క చూతము. గూడబాతు పొడవు సుమారు 1.4 మీటర్లు. అది గట్టునకు 140 మీటర్ల దూరమున నున్నదనుకొందము. 300 మిల్లీమీటర్ల నాభ్యంతరము గల లెన్సు దాని బింబమును కెమెరాలోని సెన్సారుపై 3 మిల్లీమీటర్ల పొడవున ఏర్పరచును. పూర్తి చట్రపు సెన్సారు వెడల్పు 36 మిల్లీమీటర్లు. అనగా మన గూడబాతు చిత్రములో పండ్రెండవ వంతు మాత్రమే, తక్కినదంతయు నీరు. 600 మిల్లీమీటర్ల లెన్సును కొనగలిగిన భాగ్యవంతులు కొలదిమంది. అట్టి స్థితిలో సామాన్యుని కంటికి ఆనునది టెలికన్వర్టరు.

లెన్సునకును కెమెరా దేహమునకును నడుమ బిగింపబడు పొట్టి గొట్టమిది. కానన్ సంస్థవారు దీనినే ఎక్స్‌టెండరు అందురు. ఇందులోని కటకముల కూటమి మొత్తము మీద పుటాకార కటకము వలె పనిచేయును. ముందరి లెన్సు ఒకచోటికి చేర్చుచున్న కిరణములను ఇది కొంచెము విప్పి, అవి కలియు బిందువును వెనుకకు జరుపును. తత్ఫలితముగా బింబపు నడిమి భాగము పెద్దదై సెన్సారును నింపును. 1.4 రెట్ల కన్వర్టరు 300 మిల్లీమీటర్లను 420గాను, 2 రెట్లది 600గాను చేయును. మన గూడబాతు మొదటిదానితో 4.2 మిల్లీమీటర్లు, రెండవదానితో 6 మిల్లీమీటర్లు అగును.

ఈ తంత్రము క్రొత్తది కాదు. పీటర్ బార్లో అను ఆంగ్ల గణితవేత్త పేర వ్యవహరింపబడు పుటాకార కటకము 19వ శతాబ్దము నుండియు దుర్భిణులలో బింబమును పెద్దది చేయుచునే యున్నది. 1891లో లండనులో డాల్‌మేయర్ టెలిఫోటో లెన్సుకు పేటెంటు పొందిన కాలమున, దూరపు వస్తువును పెద్దదిగా తీయుటకు మామూలు లెన్సు వెనుక ఇట్టి పుటాకార కటకమునే చేర్చెడివారు. ఆ కాలముననే మన నగరమున రాజా దీన్‌దయాళ్ ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖానుకు ఆస్థాన ఛాయాచిత్రకారుడై వెలుగొందుచుండెను. 1902లో వైస్రాయి కర్జన్ దంపతులు నెక్కొండ ప్రాంతమున వేటాడిన పులితో నిలిచిన చిత్రము ఆయన చిత్రశాల నుండి వచ్చినవానిలో మిక్కిలి ప్రసిద్ధము. అందు పులి చచ్చి నేలపై పడియున్నది. ఇందు కేవలము ప్రభువుల దర్పమే కాక సాధనముల అశక్తత కూడ కనబడుచున్నదని నా యభిప్రాయము: బరువైన గాజు పలకల కెమెరాకు బ్రతికిన పులి అందలేదు, తుపాకి అందించిన పులియే అందినది. 1931-32లో సలీం అలీ నిజాము ప్రభుత్వ సహాయముతో హైదరాబాదు రాజ్యపు పక్షులను పరిశీలించినప్పుడు సైతము, నమూనాలను సేకరించుటకు తుపాకిని ఆశ్రయింపక తప్పలేదు. ఆనాటి శాస్త్రపద్ధతి అది. నేడు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము తుపాకిని దింపించినది. దూరమును జయించు భారమంతయు కటకముపై పడినది.

అయితే టెలికన్వర్టరు ఈ యుపకారమును ఉచితముగా చేయదు. ముందరి కటకపు నోరు వెడల్పు కాలేదు గనుక లోనికి వచ్చు వెలుతురు మునుపటి యంతయే; బింబము మాత్రము పెద్దదైనది. నాభ్యంతరము 1.4 రెట్లైనచో బింబపు వైశాల్యము రెండు రెట్లగును. ఒక్క చాయిని వన్ బై టూ చేసి ఇద్దరికి పోసినచో ఏ కప్పును నిండనట్లు, అంతే వెలుతురు ఇబ్బడి స్థలమున పరచుకొని ప్రతి చోటను సగమైపోవును. 2 రెట్ల కన్వర్టరుతో పాతికవంతే మిగులును. ఫోటోగ్రాఫరుల మాటలో చెప్పవలెనన్న మొదటిది ఒక స్టాపును, రెండవది రెండు స్టాపులను మ్రింగును. వెలుతురు తగ్గిన కొలదియు పెరుగు ఎఫ్ సంఖ్యలో చెప్పినచో, ఎఫ్ 4 లెన్సు 1.4తో ఎఫ్ 5.6 అగును, 2తో ఎఫ్ 8 అగును.

ఈ యంకెలు చెరువు గట్టున ఎట్లు బాధించునో చూడుడు. తొలియెండ ఇంకను పలుచగా నున్న వేళ, వట్టి లెన్సుతో షట్టరు వేగము సెకనులో 1000వ వంతు లభించినదనుకొందము. అదే ఐఎస్ఓ (సెన్సారు గ్రహణశక్తి) వద్ద 1.4 కన్వర్టరు బిగించినచో 500వ వంతునకును, 2 రెట్లది బిగించినచో 250వ వంతునకును దిగవలసివచ్చును. చేతి వణకును అదుపులో నుంచుటకు షట్టరు వేగము నాభ్యంతరపు సంఖ్యకు తక్కువ కారాదని పాత నియమము. అనగా 600 మిల్లీమీటర్లకు కనీసము 600వ వంతు కావలెను, చేతిలో నున్నది 250వ వంతు! వెలుతురు తగ్గిన కొలదియు కావలసిన వేగము పెరుగుచుండును. రెండు వైపుల నుండియు పిండబడువాడు ఫోటోగ్రాఫరు. ఐఎస్ఓ పెంచినచో చిత్రమున రవ్వ పుట్టును. కదలని గూడబాతు విషయములో దీనికి పరిష్కారము కలదు: ట్రైపాడుపైనో, గట్టు గోడపై పరచిన బీన్‌బ్యాగుపైనో లెన్సునానించి, ఊపిరి బిగబట్టి, పది చిత్రములు వరుసగా తీసినచో నాలుగైనను నిలుకడగా వచ్చును. లెన్సులోని కంపన నివారణ యంత్రము కూడ చేయూతనిచ్చును. ఎగురు పక్షికి ఇవేవియు పనికిరావు. రెక్క కదలికను ఆపునది షట్టరు వేగమొక్కటే.

ఇక చార్మినారు వద్దకు రండు. పత్థర్‌గట్టీ నుండి లాడ్‌బజారు దాక ఆకాశమును తమ జాగీరుగా ఏలుచున్నవి గద్దలు. మాంసపు దుకాణముల నుండి పడు తునకలకై అవి మిద్దెల అంచులను రాచుకొనుచు దిగును, మినారును చుట్టి మరల లేచును. ప్రారంభకులు పెక్కుమంది గద్ద యనగానే పెద్ద లెన్సునకు కన్వర్టరు తగిలించి బయలుదేరుదురు. ఇది తప్పుటెత్తు. రెక్కలు విప్పిన గద్ద ఇంచుమించు ఒకటిన్నర మీటరు వెడల్పుండును. 30 మీటర్ల దూరమున 300 మిల్లీమీటర్ల లెన్సే దాని బింబమును 15 మిల్లీమీటర్లు చేయును, అనగా చట్రములో సగమునకు దగ్గరగా. కన్వర్టరుతో దానిని 30 మిల్లీమీటర్లు చేసితిరా, గద్ద ఒక్కసారి మలగుటతోనే రెక్క చివర తెగిపోవును. అసలు దానిని వెదకి పట్టుటయే గగనము: 300 మిల్లీమీటర్ల లెన్సు చూపు ఎనిమిది డిగ్రీల మేర విచ్చుకొనియుండగా, 600 వద్ద అది నాలుగు డిగ్రీలే. ఇరుకైన ఆ కిటికీలో నీలాకాశము తప్ప మరేమియు కనబడని వాడు కెమెరాను అటునిటు త్రిప్పుచుండ, గద్ద మక్కా మసీదు మీదుగా వెడలిపోవును. అక్కడ వట్టి లెన్సే శరణ్యము.

ఫోకసు సంగతి ప్రత్యేకముగా చెప్పవలయును. అద్దము గల డీఎస్ఎల్ఆర్ కెమెరాలలో చాలవానికి తమంతట తాము ఫోకసు చేసికొనుటకు లెన్సు ఎఫ్ 5.6 కంటె చీకటిగా నుండరాదు. మేలైన కొన్ని ఎఫ్ 8 వరకు సర్దుకొనును. కావున ఎఫ్ 5.6 లెన్సునకు 2 రెట్ల కన్వర్టరు బిగించి ఎఫ్ 11 చేసినచో ఆ కెమెరాలు చేతులెత్తివేయును. అద్దము లేని మిర్రర్‌లెస్ కెమెరాలు సెన్సారు మీదనే ఫోకసు చూచుకొనును గనుక ఎఫ్ 11 వద్దను పనిచేయగలవు. కాని మందవెలుతురులో తడబాటు వానికిని తప్పదు. మన మధ్యతరగతి ఔత్సాహికుల చేతులలో విశేషముగా కనబడు 150-600 మిల్లీమీటర్ల జూము లెన్సులు పొడవైన కొసన ఎఫ్ 6.3, 1.4 కన్వర్టరుతో అవి ఎఫ్ 9 అగును. అట్టి లెన్సుకు కన్వర్టరు కొనుట డబ్బు దండుగ యని నేను నిస్సంకోచముగా చెప్పుదును. ఎఫ్ 2.8, ఎఫ్ 4 ల స్థిర నాభ్యంతరపు లెన్సులకే ఇది సహజమైన తోడు.

అన్ని లెన్సులకు ఇది అమరదు కూడ. అనేక కన్వర్టరుల ముందరి కటకము పైకి పొడుచుకొని యుండి లెన్సు వెనుక భాగములోనికి చొచ్చుకొనిపోవును. అచ్చట చోటులేని లెన్సుకు బలవంతముగా బిగించినచో గాజునకు గాజు తగులును. కానన్ వారి 100-500 జూము లెన్సునకు కన్వర్టరు పెట్టినచో 300 మిల్లీమీటర్లకు దిగువకు జూము ముడుచుకొనుటకు వీలు లేదు. కొనుటకు ముందు తయారీదారు ఇచ్చిన జతల పట్టికను చూచుట అవసరము.

బింబమును పెంచునది దాని దోషములనుకూడ పెంచును. ముందరి లెన్సులో అంచుల వెంబడి ఊదారంగు ఛాయయున్నచో అదియు పెద్దదగును. స్వల్పమైన మసకయున్నచో అదియు విస్తరించును. అందుచే “కన్వర్టరు ఎందుకు, చిత్రమును తరువాత కంప్యూటరులో కత్తిరించి పెద్దది చేసికొనరాదా?” అని అడుగువారున్నారు. న్యాయమైన ప్రశ్న. 24 మెగాపిక్సెళ్ళ చిత్రమును 1.4 రెట్ల మేర కత్తిరించినచో 12 మిగులును. 2 రెట్ల మేర కత్తిరించినచో 6 మిగులును. ఫోనులో చూపుటకు 6 చాలును, గోడకు వ్రేలాడదీయు పెద్ద ముద్రణకు చాలవు. లెన్సు నిశితమైనదై, వెలుతురు పుష్కలముగా నుండి, కెమెరా స్థిరముగా నున్నచో కన్వర్టరే మెరుగు. ఈ మూటిలో ఒకటి లోపించినను కత్తిరింపుదే పైచేయి. 2 రెట్ల దానిని నేను ఎవరికిని మొదటి కొనుగోలుగా సిఫారసు చేయను.

ఏ గాజును తీర్చలేని దోషము మరొకటి గాలిలో నున్నది. పొద్దెక్కిన కొలదియు నేల కాగి, ఆవిరులు లేచి, వెచ్చని చల్లని గాలులు పొరలుపొరలుగా కలసి దూరపు వస్తువు అలలాడుచున్నట్లు తోచును. 140 మీటర్ల గాలి గుండ వచ్చిన గూడబాతు ఈకలు అప్పటికే చెదరిపోయియుండును. కన్వర్టరు ఆ చెదురును రెట్టించి యిచ్చును. వాహనముల పొగయు ధూళియు గల నగరమున ఇది మరింత ఎక్కువ. ఎండ ముదిరిన పిమ్మట దానిని సంచిలో పెట్టుట ఉత్తమము. సూర్యోదయము తరువాతి గంటన్నర కాలము కన్వర్టరుకు వెలుతురు బొటాబొటిగా చాలును, గాలి నిర్మలముగా నుండును; ఆ రెండును కలియు వేళ ఇంతకు మించి యుండదు.

కన్వర్టరు చేయు మేలులలో అంతగా ప్రచారములోనికి రానిది ఒకటి నాకు మిక్కిలి ఇష్టము. దీనిని బిగించినను లెన్సు ఫోకసు చేయగల కనీస దూరము మారదు. బింబము మాత్రము పెరుగును. అందుచే జంతుప్రదర్శనశాల తోటలలో పూలపై వ్రాలు సీతాకోకచిలుక, చెరువుగట్టు రాతిపై ఎండ కాచుకొను తొండ, గడ్డిపరకపై నిలిచిన తూనీగ, ఇవన్నియు నాలుగడుగుల ఆవల నుండియే చట్రమును నింపును. వాని మీదికి మన నీడ పడనక్కరలేదు. 1963లో తెరచిన ఆ జంతుప్రదర్శనశాలలో బోనులందలి పులులను తీయుటకు కన్వర్టరుతో పనిలేదు. అట్టి చిత్రమును అడవిపులిగా చూపుట మోసమనియు, బందీ జంతువని వ్రాయుట మర్యాద యనియు వేరుగ చెప్పనక్కరలేదు. కాని ఆ చెట్లపై స్వేచ్ఛగా వసించు చిలుకలు, లకుముకి పిట్టలు టిక్కెట్టు లేని నిజమైన వన్యప్రాణులే.

గూడు కట్టు కాలమున కన్వర్టరు విలువ ఇనుమడించును. నెల్లూరు సీమలోని నేలపట్టు చెరువు చెట్లపై గూడబాతులు పిల్లలను సాకు వేళ మనుష్యుడు సమీపించినచో తల్లి లేచిపోవును. ఎండకు పిల్లలు మలమల మాడును, లేదా కాకుల పాలగును. అమ్రాబాదు, కవ్వాల పులుల అభయారణ్యములలో వాహనము బాటను విడువరాదు. అడుగు ముందుకు వేయగూడని చోట 1.4 రెట్లు స్వల్పమేమియు కాదు.

గూడబాతుకు బిగించి గద్దకు ఊడదీయు కష్టమును గ్రహించి, కన్వర్టరును లెన్సు కడుపులోనే అమర్చి, మీటను త్రిప్పగనే లోనికి వచ్చునట్లు కానన్ వారు 2013లో 200-400 లెన్సును, నైకాన్ వారు 2022లో 400, 600 మిల్లీమీటర్ల లెన్సులను వెలువరించిరి. ఊడదీసి బిగించు శ్రమయు, ఆ సందున దుమ్ము లోపల పడు భయమును వీనితో తప్పును. వెల మాత్రము లక్షలలో నుండును. తక్కినవారు కెమెరాను ఆపి, నోటిని నేలవైపునకు వంచి, గాలికి అడ్డుగా నిలిచి మార్చుకొనుటయే.

కోఠీలోనో ఆబిడ్సులోనో దుకాణమున దీనిని బేరమాడుచున్నవారికి పరీక్షాస్థలము పాతబస్తీలోనే కలదు. 1889లో చార్మినారు నాలుగు ముఖములకు అమర్చిన గడియారములలో ఒకదానిని గుల్జార్ హౌజు వద్ద నుండి తెల్లవారుజామున, రద్దీ మొదలు కాకముందు, ట్రైపాడుపై నుంచి రెండు విధముల తీయుడు: ఒకటి వట్టి లెన్సుతో, ఒకటి కన్వర్టరుతో. మొదటిదానిని కంప్యూటరులో రెండవదాని పరిమాణమునకు పెంచి ప్రక్కప్రక్కన పెట్టుడు. అంకెల అంచులును ముళ్ళ మొనలును కన్వర్టరు చిత్రములో స్పష్టతరముగా నున్నచో అది మీ లెన్సుకు తగినది. రెండును ఒక్కతీరుగా నున్నచో, బిల్లును భద్రముగా దాచుకొనియుందురు గనుక, మధ్యాహ్నము లోపలనే తిరిగి ఇచ్చివేయుడు.