నాలుగున్నర ఎకరాల తోట

ఒక్క సీసా వైను 5,58,000 డాలర్లు! 2018లో న్యూయార్కు వేలంపాటలో పలికిన ధర ఇది. ఆనాటి లెక్కన మన రూపాయల్లో నాలుగు కోట్ల పైచిలుకు. దాని పేరు రోమనే-కోంతీ. ఫ్రాన్సు దేశంలో బుర్గుండి ప్రాంతపు ఎర్ర వైను. తోట ఎంత ఉంటుందనుకున్నారు? నాలుగున్నర ఎకరాలు. చిన్న రైతు కమతమంత!

పూర్వం ఆ నేల క్రైస్తవ మఠానిది. 1760లో కోంతీ రాకుమారుడు కొన్నాడు. ఫ్రెంచి విప్లవం వచ్చి జప్తు చేసింది, మంచిదే. మరి తోటలో పనిచేసే వాళ్ళకు పంచిందా? లేదు, 1794లో వేలం వేసింది. డబ్బున్నవాడు పాడుకున్నాడు. తీగ కత్తిరించేవాడు, గంప మోసేవాడు ఎక్కడివాళ్ళక్కడే. నేడది రెండు కుటుంబాల ఆస్తి.

అసలు సంగతి ఇంకోటుంది. ఆ నాలుగు కోట్ల సీసా 1945 పంటది. అక్కడి ముసలి తీగలకు వేరుపురుగు పట్టింది. నేలలోకి కార్బన్ డైసల్ఫైడ్ మందెక్కించి ఏళ్ళ తరబడి కాపాడుకొచ్చారు. అదంతా కూలీల చేతిపనే. ఇంతలో రెండో ప్రపంచ యుద్ధం. మందూ కరువే, కూలీలూ కరువే. తీగలు చివికిపోయాయి. పైగా ఆ ఏడు మంచు దెబ్బ. వచ్చింది సుమారు 600 సీసాలు. కోత కాగానే తీగలన్నీ పెరికేసి, 1947లో కొత్తవి నాటారు. తిరిగి వైను తీసింది 1952 పంటతోనే.

ఆఖరి కాపు గనకనే అంత గిరాకీ. డబ్బు ముట్టింది సీసా దాచుకున్నవాడికి. గుత్తులు కోసినవాళ్ళకు దక్కింది 1945 నాటి కూలే. ఇప్పటికీ అక్కడ మిషను కోత లేదు, గుత్తి గుత్తీ మనుషులే కోస్తారు.